ఉద్యోగము లేకయే పరదేశ నివాసము: ఐరోపాలోని పద్ధతి



మన గ్రామములలోని వృద్ధులు కొందఱు కడపటి దినములు కాశీలో గడుపుటకై పోవుచుండుట మీ రెఱిగినదే. కాశీ మన భాష మాటలాడు ప్రదేశము కాదు. మన రాష్ట్రములోనిదియు కాదు. ఐనను అచ్చట గది అద్దెకు తీసికొని యున్న వృద్ధుని, “నీకిచ్చట ఉద్యోగమేమి? నీ చేతిలో రొక్కమెంత?” అని అడుగు అధికారి లేడు. మన రాజ్యాంగములోని 19-వ అధికరణము భారత పౌరునకు దేశములో ఎచ్చటనైనను నివసించి స్థిరపడు హక్కును సామాన్యముగా నొసగినది.

ఐరోపా ఖండములో అట్లు కాదు. అచ్చట రాజ్యములు వేఱు, భాషలు వేఱు, చట్టములు వేఱు. ఒక రాజ్యపు పౌరుడు మఱొక రాజ్యమునకు పోయి, ఉద్యోగము చేయక, వ్యాపారము చేయక, తన పింఛనుతోనో వడ్డీతోనో కాలము గడపదలచినచో అతనికట్టి హక్కు కలదా? కలదు. కాని ఆ హక్కు రెండు స్తంభములపై నిలిచియున్నది. మొదటిది, తన పోషణకు తగిన ధనము. రెండవది, రోగము వచ్చినప్పుడు ఆదుకొను బీమా. ఈ రెండింటి సారమొక్కటియే: పోయిన దేశమునకు భారము కారాదు. భారమనునది ఎచ్చట మొదలగును, దానిని ఎవరు నిర్ణయింతురు అను విషయమునే నేను మీకు వివరింపదలచితిని.

ఈ సంగతి మనకెందులకని మీరడుగవచ్చును. కాకినాడకు చేరువగా గోదావరి యొడ్డున నున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1956-వ సంవత్సరము మే 28-వ తేదీన జరిగిన ఒడంబడిక 1962 ఆగస్టు 16-వ తేదీన అమలులోనికి వచ్చినప్పుడు, అచ్చటివారిలో కోరినవారు 6 నెలలలోపుగా వ్రాతమూలమున తెలిపి ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనుటకు అవకాశ మీయబడెను. అట్లు నిలుపుకొన్నవారును, వారివలన ఆ పౌరసత్వము సంక్రమించినవారును ఐరోపా సమాఖ్య పౌరులే. ఇది యొక కారణము. ఇంతకంటె దగ్గఱి కారణము మఱొకటి కలదు. మన గ్రామముల బిడ్డలు చదువులకును, కొలువులకును ఐరోపాకు పోయి, కొందఱు అచ్చటి పౌరులగుచున్నారు. వారి తలిదండ్రులు కొడుకుకడనో కూతురుకడనో శేషజీవితము గడుపవచ్చునా అను ప్రశ్న అనేక గృహములలో పుట్టుచున్నది. దానికి సమాధానము ఈ చట్టములోనే యున్నది.

మొదట చరిత్ర కొంచెము చెప్పెదను. 1957-వ సంవత్సరమున ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను 6 రాజ్యములు రోము నగరమున ఒక ఒడంబడిక చేసికొన్నవి. అప్పుడు స్వేచ్ఛగా రాకపోకలు చేయు హక్కు ముఖ్యముగా పనివారికిని, స్వంత వృత్తి చేసికొనువారికిని కల్పింపబడినది. గనులకును కర్మాగారములకును మనుష్యులు కావలసియుండిరి. పని చేయనివానిని గూర్చి ఆనాడు ఎవరును తలపలేదు. 1990-వ సంవత్సరమున మూడు శాసనములు పుట్టినవి: ఒకటి పింఛనుదారులను గూర్చి, ఒకటి విద్యార్థులను గూర్చి, మూడవది స్వంత ధనముపై జీవించు తక్కినవారిని గూర్చి. 1992లో సంతకములు జరిగి 1993 నవంబరు 1-వ తేదీన అమలులోనికి వచ్చిన మాస్ట్రిక్టు ఒడంబడిక, ప్రతి సభ్యరాజ్యపు పౌరుని ‘సమాఖ్య పౌరుని’గా గూడ నొనర్చినది. తుదకు 2004-వ సంవత్సరపు 38-వ డైరెక్టివు అను శాసనము ఈ నిబంధనల నన్నిటిని ఒకచోట చేర్చినది. డైరెక్టివనగా సభ్యరాజ్యములన్నియు తమ తమ చట్టములలో అమలుపఱుపవలసిన ఆదేశము. సమాఖ్యలో నేడు 27 రాజ్యములు కలవు. నార్వే, ఐస్‌లాండు దేశములును ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. స్విట్జర్లాండుతో ప్రత్యేకపు ఒడంబడిక 2002 జూను 1 నుండి అమలులో నున్నది.

ఇక చట్టము చెప్పునదేమి? మొదటి మూడు నెలలు సమాఖ్య పౌరుడు మఱొక సభ్యరాజ్యములో నుండుటకు పాస్‌పోర్టుగాని, గుర్తింపు పత్రముగాని చాలును. ఏమి చేయుచున్నావని అడుగరు. మూడు నెలలు దాటిన పిమ్మట నాలుగు ద్వారములు కలవు. ఉద్యోగి లేక స్వంత వృత్తి గలవాడు మొదటి ద్వారమున ప్రవేశించును. విద్యార్థి రెండవ ద్వారమున ప్రవేశించును. పని లేకున్నను తగిన ధనమును, సంపూర్ణమైన ఆరోగ్యబీమాయు గలవాడు మూడవ ద్వారమున ప్రవేశించును. వీరి కుటుంబములోనివారు వీరివెంట నాలుగవ ద్వారమున వత్తురు. నేటి విషయము మూడవ ద్వారమును, దానిని ఆనుకొనియున్న నాలుగవ ద్వారమును గూర్చినది.

తగిన ధనమనగా ఎంత? ఇచ్చట చట్టము మెలకువ చూపినది. ఇంత మొత్తముండవలయునని రాజ్యములు ఒకే లెక్క కట్టి అందఱిని ఆ గీటుతో కొలువరాదు. మనుష్యుని స్థితిగతులను విచారించి నిర్ణయింపవలయును. ఆ దేశపు స్వంత పౌరుడు ఎంత ఆదాయమునకు తక్కువైనచో ప్రభుత్వ సహాయమునకు అర్హుడగునో, అట్టి గీటు లేనిచోట కనీసపు పింఛను ఎంతయో, అంతకు మించి వచ్చినవానిని అడుగరాదు. స్వంత యిల్లు గలవానికిని, అద్దె కట్టువానికిని ఖర్చులో భేదముండుట సహజమే కదా.

ఆ ధనము ఎచ్చటినుండి రావలయును? 2004 అక్టోబరులో లక్సెంబర్గు నగరమందలి సమాఖ్య న్యాయస్థానము ఒక విచిత్రమైన వ్యాజ్యములో దీనికి సమాధానము చెప్పినది. చీనా దేశపు దంపతులకు 2000-వ సంవత్సరమున బెల్‌ఫాస్టు నగరములో ఒక ఆడశిశువు పుట్టినది. ఐర్లాండు ద్వీపముపై పుట్టుటచేత ఆనాటి చట్టము ననుసరించి ఆ శిశువునకు ఐర్లాండు పౌరసత్వము వచ్చినది. తల్లి శిశువుతో గూడ బ్రిటనులో నివసింపగోరెను. శిశువునకు స్వంత ధనమెట్లుండునని బ్రిటిషు ప్రభుత్వము వాదించెను. ధనము తల్లిదైనను చాలును. ధనముండుట ముఖ్యము గాని అది ఎవరి చేతినుండి వచ్చినదని చట్టము అడుగలేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ శిశువును పోషించు తల్లిని వెడలగొట్టినచో శిశువు హక్కునకు అర్థమే లేదు గనుక, తల్లియు నుండవచ్చుననెను.

రెండవ స్తంభము ఆరోగ్యబీమా. వృద్ధులకు ఇదియే క్లిష్టమైన భాగము. ప్రైవేటు బీమా వయసు మళ్ళిన కొలది ప్రియమగును. పాతరోగములకు అది వర్తింపకపోవుటయు కలదు. ఐతే సమాఖ్యలోని పింఛనుదారునకు ఒక సదుపాయమున్నది. పింఛనిచ్చు రాజ్యము ఎస్-1 అను పత్రము నొసగును. ఆ పత్రమును పోయిన దేశములోని బీమా కార్యాలయములో దాఖలు చేసినచో, అచ్చటి పౌరునివలెనే వైద్యము లభించును; ఖర్చు పింఛనిచ్చు రాజ్యము భరించును. యాత్రికులకిచ్చు ఐరోపా ఆరోగ్యకార్డు వేఱు. అది తాత్కాలికమైన ప్రయాణమునకే గాని స్థిరనివాసమునకు చాలదు. పింఛను లేనివాని సంగతి యేమి? 2021 జూలైలో లాత్వియా దేశమునుండి వచ్చిన వ్యాజ్యములో న్యాయస్థానము దీనిని విచారించెను. భార్యాబిడ్డలతో నుండుటకై వచ్చిన ఒక ఇటలీ పౌరునకు ఉద్యోగము లేదు. అట్టివానిని ప్రభుత్వ ఆరోగ్యపద్ధతిలో చేర్చుకొనక త్రోసివేయరాదు; కాని ఉచితముగా చేర్చుకొనవలసిన విధియు లేదు; తగిన రుసుము కట్టుమనవచ్చును అని తీర్పు.

ఇక కాగితముల సంగతి. మూడు నెలలు దాటి యుండదలచినవారు పేరు నమోదు చేయించుకొనవలయునని రాజ్యములు నియమింపవచ్చును. కాని దానికి వచ్చిన తేదీనుండి మూడు నెలలకు తక్కువ గడువు పెట్టరాదు. పత్రమును వెంటనే ఈయవలయును. స్వంత పౌరులనుండి తీసికొను రుసుముకంటె ఎక్కువ తీసికొనరాదు. స్పెయినులో ఇట్లు రిజిస్టరులో పేరు వ్రాయించుకొనవలెను. జర్మనీలో సమాఖ్య పౌరులకిచ్చు పత్రమును 2013లో తీసివేసిరి. ఊరి కార్యాలయములో చిరునామా తెలిపిన చాలును. పత్రము హక్కును పుట్టించునది కాదు. ఉన్న హక్కునకు సాక్ష్యము మాత్రమే. మన భూమి పట్టా పోయినంత మాత్రమున భూమి పోదు. ఐనను పట్టా లేనివాడు కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును గదా! ఇదియు నట్టిదే.

తెచ్చుకొన్న ధనము నడుమ తఱిగిపోయినచో ఏమగును? మూడు తీర్పులను వరుసగా చెప్పెదను. వానిని చూచినచో త్రాసు ఎట్లు అటునిటు మొగ్గినదో తెలియును.

2001లో బెల్జియమునందు చదువుచున్న ఒక ఫ్రెంచి విద్యార్థి వ్యాజ్యము వచ్చినది. మూడేండ్లు చిన్న చిన్న పనులు చేసి తన ఖర్చు తానే భరించుకొన్నాడు. నాలుగవ యేట చదువు బరువెక్కి ప్రభుత్వపు కనీస భృతి నడిగెను. అడిగినంత మాత్రమున అతనిని నిరాకరింపరాదు. కొద్దికాలపు కష్టములో ఒక రాజ్యపు పౌరుల యెడ మఱొక రాజ్యమునకు కొంత ఔదార్యముండవలెనని న్యాయస్థానము చెప్పెను.

2013లో ఆస్ట్రియాకు వచ్చి స్థిరపడిన ఒక జర్మను వృద్ధదంపతుల వ్యాజ్యము. భర్తకు వచ్చు పింఛను నెలకు సుమారు 860 యూరోలు. దానితోపాటు కొంత పరిచర్యా భృతియు వచ్చుచుండెను. అది చాలక ఆస్ట్రియా ఇచ్చు అదనపు మొత్తము నడిగిరి. అడిగినవాడు నిరుపేద గనుక నివాసమునకే అర్హుడు కాడని యంత్రమువలె నిర్ణయింపరాదు. ఈ మనుష్యుని పరిస్థితి యేమి, ఇతని వలన మొత్తము పద్ధతిపై పడు భారమెంత అని విచారింపవలయునని తీర్పు.

2014 నవంబరులో త్రాసు రెండవవైపునకు మొగ్గినది. రుమేనియా దేశపు స్త్రీ యొకతె జర్మనీలోని లైప్‌జిగు నగరములో తన సోదరి యింట కుమారునితో నుండెను. ఆమెకు ధనము లేదు. పని వెదకుటయు లేదు. తగిన ధనము లేక వచ్చినవారికి చట్టబద్ధమైన నివాసము లేదు గనుక, భృతిని నిరాకరించు అధికారము రాజ్యమునకు కలదని న్యాయస్థానము నిర్ణయించెను.

ఈ మూడింటినుండి తేలునదేమనగా, తన కాళ్లపై నిలిచి వచ్చినవాడు నడుమ తొట్రుపడినచో చట్టము చేయూత నిచ్చును. మొదటినుండియు ఒరుల భుజములపై నెక్కుటకే వచ్చినవానికి ఈయదు. సహాయము కోరుటయే వెడలగొట్టుటకు కారణము కారాదని శాసనము స్పష్టముగా పలుకుచున్నది. కాని తగని భారమైనచో హక్కు నిలువదనియు పలుకుచున్నది.

ఇట్లు 5 సంవత్సరములు ఎడతెగక చట్టబద్ధముగా నివసించినవానికి శాశ్వత నివాసపు హక్కు కలుగును. అటుపిమ్మట ధనమెంత, బీమా యేది అని అడుగరు. ఐతే ఈ 5 సంవత్సరముల లెక్క మన పెద్దలు బాగుగా గుర్తుంచుకొనవలసినది. ఏడాదిలో మొత్తము 6 నెలలకు మించి దేశమునకు వెలుపల నుండరాదు. వ్యాధి, ప్రసవము, చదువు మొదలగు ముఖ్యకారణములచే ఒక్కసారి 12 నెలల వఱకు ఉండవచ్చును. కోతలకు వచ్చి, పెండ్లికి ఆగి, పండుగ చూచి పోవుదమన్నచో లెక్క తప్పును. శాశ్వత హక్కు వచ్చిన పిమ్మట గూడ వరుసగా రెండేండ్లకు మించి వెలుపల నున్నచో అది పోవును.

ఇప్పుడు నాలుగవ ద్వారము, అనగా కుటుంబము. సమాఖ్య పౌరుడు తన రాజ్యము గాక మఱొక సభ్యరాజ్యములో నివసించుచున్నప్పుడు, అతని భార్యయు, 21 ఏండ్లలోపు బిడ్డలును, అతనిపై నాధారపడిన తలిదండ్రులును, అత్తమామలును అతనితో నుండుటకు హక్కు గలవారు. వారు భారత పౌరులైనను సరియే. ప్రవేశమునకు వీసా కావలసినచో దానిని ఉచితముగా, శీఘ్రముగా ఈయవలయును. పిమ్మట నివాసకార్డునకు దరఖాస్తు పెట్టుకొన్న 6 నెలలలోపుగా దాని నీయవలయును. కుమారుడు విద్యార్థి యైనచో మాత్రము తలిదండ్రులకు ఈ హక్కు లేదు.

‘ఆధారపడిన’ అను మాటలో గొప్ప మెలిక యున్నది. స్వదేశములో తన కనీసావసరములు తాను తీర్చుకొనలేక, బిడ్డ పంపు సొమ్ముతో జీవించుటయే ఆధారపడుట యని న్యాయస్థానము 2007లో చెప్పినది. ప్రేమ గలదనుట చాలదు, ఒంటరితనమనుట చాలదు. కావున పది యెకరముల మాగాణియు, కౌలు రాబడియు గల రైతు ఈ ద్వారమున ప్రవేశించుట కష్టము. బిడ్డ పంపు ద్రవ్యముతోనే జీవించు వృద్ధునకు బ్యాంకు ద్వారా క్రమముగా వచ్చిన సొమ్ము లెక్కయే గొప్ప సాక్ష్యము. చేతికిచ్చిన రొక్కమునకు సాక్ష్యము లేదు.

మఱొక మెలిక ఇంతకంటె వింతయైనది. ఐర్లాండు పౌరసత్వము పొందిన తెలుగువాడు జర్మనీలో ఉద్యోగము చేయుచున్నచో అతని తలిదండ్రులకు పైన చెప్పిన సమాఖ్య చట్టము వర్తించును. అతడే ఐర్లాండులోనే యున్నచో వర్తింపదు. అప్పుడు ఐర్లాండు స్వంత చట్టమే ప్రమాణము, అది కఠినముగా నుండవచ్చును. సరిహద్దు దాటినవానికే సమాఖ్య హక్కు అను సూత్రము దీనికి మూలము. ఈ సూత్రమునకు తోడుగా 1992లో ఒక భారతీయుని విషయమున వచ్చిన తీర్పు ప్రసిద్ధమైనది. అతని భార్య బ్రిటిషు పౌరురాలు. వారిరువురు జర్మనీలో ఉద్యోగము చేసి బ్రిటనునకు తిరిగివచ్చిరి. సరిహద్దు దాటి తిరిగివచ్చిన పౌరురాలి భర్తకు, స్వదేశములో గూడ సమాఖ్య చట్టపు రక్షణ కలదని న్యాయస్థానము నిర్ణయించెను. ఉద్యోగము లేక స్వంత ధనముపై మఱొక రాజ్యములో నిజముగా నివసించి తిరిగివచ్చిన పౌరుల కుటుంబములకును ఇట్టి రక్షణ చెల్లునని 2014లో తెలిపెను.

సమాఖ్య పౌరుడును గాక, అట్టివారి కుటుంబములోనివాడును గాక యున్న మనవంటివానికి ఆయా రాజ్యముల స్వంత చట్టములే శరణ్యము. స్పెయినులో పని చేయకుండ నివసింపగోరు విదేశీయునకు, ప్రభుత్వము ప్రకటించు ఒక ఆదాయసూచికకు నాలుగు రెట్ల ఆదాయముండవలయును. 2025లో ఆ సూచిక నెలకు 600 యూరోలు. కావున నెలకు 2,400 యూరోలు. వెంటవచ్చు ఒక్కొక్కరికి మఱి 600. పోర్చుగలు పింఛను, అద్దె మొదలగు రాబడిపై జీవించువారికి వేఱొక వీసా నిచ్చుచున్నది. అచ్చట కొలబద్ద కనీస వేతనము. అది 2025లో నెలకు 870 యూరోలు. ఇవి హక్కులు కావు, అనుమతులు. ఇచ్చు చేయియే తీసికొనవచ్చును. బ్రిటనులో స్వంత ధనముగల వృద్ధులకై యుండిన నివాసపద్ధతి 2008 నవంబరులో మూసివేయబడినది. స్పెయినులో 5 లక్షల యూరోల యిల్లు కొన్నవారికిచ్చుచుండిన నివాసానుమతి 2025 ఏప్రిలు 3-వ తేదీతో ఆగిపోయినది. పాత సమాచారము నమ్మి పొలమమ్ముకొని బయలుదేరువాని గతి యేమగునో మీరే యూహింపుడు.

హక్కులు గూడ ఒడంబడికపై నిలిచినవే యని బ్రిటను చరిత్ర తెలుపుచున్నది. ఆ దేశము 2020 జనవరి 31-వ తేదీన సమాఖ్యను వీడెను. పాత నియమములు ఆ సంవత్సరాంతము వఱకు నడచినవి. అంతకు ముందే స్పెయిను సముద్రతీరములో చట్టబద్ధముగా స్థిరపడిన బ్రిటిషు పింఛనుదారుల హక్కులు వీడ్కోలు ఒడంబడికచే నిలిచినవి. ఆ తేదీ దాటిన పిమ్మట పోవు పింఛనుదారుడు మనవలెనే వీసాకై వరుసలో నిలువవలయును. తేదీలోపుగా ఆ దేశములో చట్టబద్ధముగా నుంటినని చూపలేనివాడు చిక్కులపాలగును. కాగితమునకున్న విలువ ఇట్టివేళనే తెలియును.

పెద్దలారా, బిడ్డలు రమ్మని పిలిచినప్పుడు సంతోషముతో బయలుదేరుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. నేను పోవునది ఏ ద్వారమున? నా బిడ్డ ఏ దేశపు పౌరుడు, ఏ దేశములో నివసించుచున్నాడు? నా పోషణకు ఆధారమేది, దానికి సాక్ష్యమేది? నాకు జబ్బు చేసినచో ఖర్చు ఎవరు భరింతురు? వీనికి సమాధానము వ్రాతమూలముగా చేతిలో నున్నవాడు ధైర్యముగా పోవచ్చును. సమాధానము లేనిచో ఇచ్చటి యిల్లు, పొలము అమ్మి అటువైపు నడువకుడు. యాత్రికుని వీసాపై పోయి గడువు మీఱినను ఉండవచ్చునని చెప్పు దళారి మాట అసలే వినకుడు. అట్టి నివాసము 5 ఏండ్ల లెక్కలో ఒక్క దినమైనను చేరదు.

అన్నదాతయై బ్రదికినవాడు ముదిమిలో పరదేశమునకు పోవలసివచ్చినను, ఆశ్రితుడుగా గాక హక్కుదారుడుగా పోవుట మేలు. ఆ హక్కు యొక్క మేరలు తెలిసికొనుటయే దానికి మొదటి మెట్టు.